కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికల్లో నాయకుల మద్దతు ప్రకటనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

భారత జాతీయ కాంగ్రెస్‌లో అధ్యక్ష పదవి చాలాసార్లు ఏకగ్రీవంగానే నిర్ణయమైంది. ఓటింగ్ దాకా వెళ్ళిన సందర్భాలు కొద్దే అయినా, ప్రతిసారీ అభ్యర్థుల కంటే వారి వెనుక నిలిచిన పెద్దల పేర్లే ఎక్కువగా చర్చకు వచ్చాయి. 1939లో పట్టాభి సీతారామయ్య అనే తెలుగువాడు సుభాష్ చంద్రబోస్‌పై పోటీ చేసి ఓడిన ఎన్నిక వీటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది కనుక ఇక్కడి ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే ఉన్నాయి.

మద్దతు ప్రకటన, నామినేషన్‌పై సంతకం, ఓటు: ఈ మూడూ ఒకటేనా?

కావు. నామినేషన్ పత్రంపై ప్రతిపాదకులుగా సంతకం చేయడం నిబంధనల ప్రకారం జరగవలసిన పని. కాంగ్రెస్ నియమావళి ప్రకారం అధ్యక్ష పదవికి పోటీ చేసే వ్యక్తిని కనీసం పదిమంది ప్రతినిధులు ప్రతిపాదించాలి. ఓటు రహస్యంగా వేసేది. మద్దతు ప్రకటనకు నియమావళిలో ఏ స్థానమూ లేదు. అది ఒక నాయకుడు తన పేరునూ పలుకుబడినీ పణంగా పెట్టి, ఫలానా అభ్యర్థిని ఎన్నుకోండని బహిరంగంగా చెప్పడం మాత్రమే. అయినా ఆ ఒక్క మాట ఎన్నిక అర్థాన్నే మార్చివేయగలదు. మద్దతు ప్రకటించిన వ్యక్తి అభ్యర్థి కంటే పెద్దవాడైతే, ఓటరు ముందున్న ప్రశ్న ‘వీరిద్దరిలో ఎవరు తగినవారు’ అన్నది కాకుండా, ‘ఆ పెద్దాయన మాట వినాలా వద్దా’ అన్నదిగా మారిపోతుంది.

1939లో పట్టాభి సీతారామయ్య అభ్యర్థి ఎలా అయ్యారు?

1938 ఫిబ్రవరిలో హరిపురా మహాసభకు అధ్యక్షత వహించిన సుభాష్ చంద్రబోస్ రెండోసారి కూడా ఆ పదవిలో కొనసాగాలని నిశ్చయించుకున్నారు. ఆ రోజుల్లో కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి ‘రాష్ట్రపతి’ అని పిలిచేవారు. వరుసగా రెండోసారి ఎన్నిక కావడం అరుదే కాని, జవహర్‌లాల్ నెహ్రూ అంతకు ముందే అలా కొనసాగారు కనుక వినని విషయం కాదు. కాంగ్రెస్ పెద్దలు మొదట ముందుకు తెచ్చిన పేరు మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ది. ఆయన పోటీలో ఉంటారన్న ఉద్దేశంతో పట్టాభి తప్పుకోవడానికి సిద్ధపడ్డారు. తీరా ఆజాదే విరమించుకుని, పోటీలో ఉండవలసిందిగా పట్టాభిని ఒప్పించారు. ఆయనను ఎన్నుకోవలసిందిగా ప్రతినిధులను కూడా కోరారు. ఆ ఎన్నికలో పట్టాభికి దక్కిన తొలి పెద్ద మద్దతు ప్రకటన ఒక విధంగా ఇదే.

అంటే పట్టాభి తనంతట తాను బరిలోకి దూకిన మనిషి కాదు, తప్పుకోబోతూ ఆగిన మనిషి. తర్వాత జరిగిన ప్రతి సంఘటనకూ ఈ చిన్న విషయంతో సంబంధముంది.

బార్డోలీ ప్రకటన అంటే ఏమిటి? అందులో ఎవరెవరు సంతకాలు చేశారు?

పోలింగ్‌కు ఐదు రోజుల ముందు, 1939 జనవరి 24న, కాంగ్రెస్ కార్యవర్గమైన వర్కింగ్ కమిటీ సభ్యులు ఏడుగురు గుజరాత్‌లోని బార్డోలీ నుంచి ఒక ఉమ్మడి ప్రకటన విడుదల చేశారు. వారు సర్దార్ వల్లభభాయ్ పటేల్, బాబూ రాజేంద్రప్రసాద్, ఆచార్య కృపలానీ, జమ్నాలాల్ బజాజ్, జైరాందాస్ దౌలత్‌రామ్, శంకర్‌రావ్ దేవ్, భూలాభాయి దేశాయి.

ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప ఒకే వ్యక్తిని మళ్ళీ ఎన్నుకోకూడదన్నది వారి మొదటి వాదన. కాంగ్రెస్ విధానాలను నిర్ణయించేది మహాసభ, అఖిల భారత కమిటీ, వర్కింగ్ కమిటీలే కాని అధ్యక్షుడు కాదు కనుక, ఈ ఎన్నికను విధానాల మీద జరిగే పోరుగా చూడనక్కర్లేదన్నది రెండోది. పట్టాభి ఆ పదవికి అన్ని విధాలా తగినవారు కనుక బోస్ పునరాలోచించి ఆయన ఎన్నిక ఏకగ్రీవమయ్యేలా చూడాలన్నది చివరి కోరిక.

ఈ ప్రకటనను జాగ్రత్తగా చదివితే ఒక లోపం కనిపిస్తుంది. అందులో పట్టాభి గురించి ఉన్నది కొద్ది, బోస్ ఎందుకు నిలబడకూడదన్నదే ఎక్కువ. ఒకరిని ఆపడానికి మరొకరికి ఇచ్చే మద్దతు, ఎన్ని పెద్ద సంతకాలున్నా, అభ్యర్థికి బలం ఇవ్వదని నా అభిప్రాయం.

బోస్ అభ్యంతరం దేనిమీద?

వ్యక్తులుగా ఎవరు ఎవరిని బలపరచినా ఆయనకు ఆక్షేపణ లేదు. వర్కింగ్ కమిటీలోనే సభ్యులైన ఇద్దరు సహచరులు పోటీ పడుతున్నప్పుడు, మిగిలిన సభ్యులు కూడబలుక్కుని ఒక పక్షాన నిలవడం న్యాయం కాదన్నదే ఆయన వాదన. పటేల్, ఇతరులు మామూలు కాంగ్రెస్ వాదులుగా కాక వర్కింగ్ కమిటీ సభ్యులుగా ఆ ప్రకటన చేశారనీ, ఆ కమిటీలో ఈ విషయం చర్చకే రాలేదనీ ఆయన ఎత్తిచూపారు. ప్రతినిధులను వారి ఇష్టానికి ఓటు వేయనివ్వకపోతే ఎన్నిక ఎందుకన్నది ఆయన ప్రశ్న.

దీనికి తోడు ఆయన రాజకీయ కారణం కూడా చెప్పారు. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలనూ సంస్థానాలనూ ఒకే సమాఖ్యగా కలపాలన్న 1935 చట్టంలోని ఫెడరేషన్ పథకంపై బ్రిటిష్ ప్రభుత్వంతో రాజీ జరగవచ్చన్న అనుమానం చాలామందిలో ఉందనీ, ఫెడరేషన్‌ను నిజంగా వ్యతిరేకించే ఆచార్య నరేంద్రదేవ్ వంటి వామపక్ష నాయకుణ్ణి అంగీకరిస్తే తాను తప్పుకుంటాననీ అన్నారు. ఈ అనుమానం సహచరులను తీవ్రంగా నొప్పించింది. ఫెడరేషన్ విషయంలో కాంగ్రెస్ అంతటిదీ ఒకే మాట కనుక ఆ నిందకు ఆధారం లేదన్నది వారి సమాధానం. హోదాకూ అభిప్రాయానికీ మధ్య బోస్ గీసిన గీత సరైనది. సహచరుల చిత్తశుద్ధి మీద వేసిన నింద మాత్రం ఆయన వాదాన్ని బలహీనపరచింది.

నెహ్రూ ఎవరిని బలపరిచారు?

ఆయన బార్డోలీ ప్రకటనపై సంతకం చేయలేదు. విడిగా ఒక ప్రకటన ఇస్తూ, ఈ పోటీలో ఫెడరేషన్ వంటి సిద్ధాంత వివాదమేదీ లేదని చెప్పారు. బోస్ తిరిగి నిలబడటం ఆయనకు ఇష్టం లేదు, అలాగని పటేల్ వర్గంతో కలిసి నిలవడమూ ఇష్టం లేదు.

గాంధీజీ తన మద్దతును ఎప్పుడు ప్రకటించారు?

చాలామంది పొరబడేది ఇక్కడే. ఓటింగ్ జనవరి 29న జరిగింది. బోస్‌కు 1580, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. గాంధీజీ ప్రసిద్ధ ప్రకటన వెలువడింది జనవరి 31న, అంటే ఫలితం తెలిసిన తర్వాత. బోస్ తిరిగి ఎన్నిక కావడానికి తాను మొదటి నుంచీ వ్యతిరేకినేననీ, ఆజాద్ తప్పుకున్నప్పుడు పట్టాభిని విరమించుకోవద్దని చెప్పినవారిలో తానూ ఉన్నాననీ, కనుక ఈ ఓటమి పట్టాభిది అనడం కంటే తనది అనడమే సరైనదనీ ఆయన అన్నారు. సుభాష్ బాబు దేశానికి శత్రువేమీ కాదని కూడా అదే ప్రకటనలో ఉంది.

గాంధీజీ మనసు ఎటు ఉందో లోపలివారికి ముందే తెలుసు. కాని మారుమూల జిల్లా నుంచి ఓటు వేసిన సాధారణ ప్రతినిధికి ఆయన పేరుతో, ఆయన మాటగా ఏమీ అందలేదు. గాంధీజీ ఆ మాట వారం ముందే చెప్పి ఉంటే ఓటర్లు దానిని అంగీకరించేవారో, తిరస్కరించేవారో, ఏదైనా తెలిసి చేసేవారు. ఫలితం తర్వాత చెప్పడం వల్ల, తాము గాంధీజీకి వ్యతిరేకంగా ఓటు వేశామని 1580 మందికి ఓటు వేశాక తెలిసింది. మహాత్ముడి మీద నాకున్న గౌరవం తక్కువది కాదు. అయినా ఈ ఎన్నికలో జరిగిన అతి పెద్ద పొరపాటు ఆలస్యంగా వచ్చిన ఆ ప్రకటనేనని నమ్ముతున్నాను.

పట్టాభి కేవలం గాంధీజీ నిలబెట్టిన అభ్యర్థేనా?

తెలుగునాట సైతం ఆయన పేరు ఈ ఒక్క ఓటమి దగ్గరే ఆగిపోవడం బాధ కలిగిస్తుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880లో గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి బందరులో వైద్యుడిగా స్థిరపడి, ఆ వృత్తిని వదిలి జాతీయోద్యమంలోకి వచ్చారు. 1923లో బందరులోనే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. కాంగ్రెస్ స్వర్ణోత్సవాల సందర్భంగా 1935లో వెలువడిన కాంగ్రెస్ చరిత్రను రాసిందీ ఆయనే. భాషాప్రయుక్త రాష్ట్రాల వాదాన్ని, సంస్థానాల ప్రజల ఉద్యమాన్ని కాంగ్రెస్‌లో మోసినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు.

ఇన్ని అర్హతలున్న మనిషిని, బలపరచినవారే ‘మా అభ్యర్థి’గా కుదించివేశారు. ఆయన గెలిచి ఉంటే ఆ గెలుపు గాంధీజీది అయ్యేది. ఓడితే ఓటమి కూడా గాంధీజీదే అయింది. రెండు విధాలా పట్టాభికి మిగిలింది ఏమీ లేదు. తొమ్మిదేళ్ళ తర్వాత, 1948లో, పురుషోత్తమదాస్ టండన్‌పై పోటీ చేసి గెలిచి, జైపూర్ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. ఆ గెలుపును తలచుకునేవారు తక్కువ.

గెలిచిన బోస్ ఎందుకు రాజీనామా చేయవలసి వచ్చింది?

ఓట్లతో ఓడిన మద్దతుదారులు సంస్థలో ఓడలేదు కనుక. ఫిబ్రవరిలో వర్కింగ్ కమిటీ సభ్యుల్లో అత్యధికులు రాజీనామా చేశారు. మార్చిలో జబల్‌పూర్ సమీపంలోని త్రిపురిలో జరిగిన మహాసభకు బోస్ తీవ్ర జ్వరంతోనే వచ్చారు. గాంధీజీ అభీష్టానికి అనుగుణంగా వర్కింగ్ కమిటీని నియమించాలని అధ్యక్షుణ్ణి కోరుతూ గోవింద వల్లభ పంత్ పెట్టిన తీర్మానం అక్కడ నెగ్గింది. గాంధీజీ మాత్రం పేర్లు సూచించడానికి ఇష్టపడలేదు. మీ కమిటీని మీరే వేసుకోండన్నారు. ఆ చిక్కుముడి విడకపోవడంతో ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ రాజీనామా చేశారు, రాజేంద్రప్రసాద్ ఆ స్థానంలోకి వచ్చారు. మే మొదటి వారంలో ఫార్వర్డ్ బ్లాక్ ఏర్పాటైంది.

1950 ఎన్నికలో మద్దతులు ఎలా చీలాయి?

ఈసారి పెద్దలే రెండుగా చీలారు. పురుషోత్తమదాస్ టండన్‌కు పటేల్ అండ ఉంది. ఆయన అభ్యర్థిత్వాన్ని తాను సమర్థించలేనని ప్రధానమంత్రి నెహ్రూ నేరుగా టండన్‌కే లేఖ రాశారు. నెహ్రూ మొగ్గు కృపలానీ వైపు. టండన్‌కు 1306, కృపలానీకి 1092, శంకర్‌రావ్ దేవ్‌కు 202 ఓట్లు వచ్చాయి. 1939లో ఒకే ప్రకటనపై సంతకాలు చేసిన కృపలానీ, దేవ్ ఇక్కడ ప్రత్యర్థులయ్యారన్నది గమనించాలి.

డిసెంబరులో పటేల్ మరణించడంతో టండన్‌కు ఉన్న పెద్ద అండ పోయింది. మరుసటి ఏడాది నెహ్రూ వర్కింగ్ కమిటీ నుంచి తప్పుకోగా, సెప్టెంబరులో టండన్ రాజీనామా చేశారు, నెహ్రూయే అధ్యక్షులయ్యారు. ఓడిన కృపలానీ 1951లో కాంగ్రెస్‌ను వీడి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీని ఏర్పరచారు. మన టంగుటూరి ప్రకాశం పంతులు కూడా ఆ పార్టీలో చేరారు. ఢిల్లీ అధ్యక్ష ఎన్నిక ప్రకంపనలు ఆ విధంగా ఆంధ్ర రాజకీయాలనూ తాకాయి.

ఓటు లేనివారి మద్దతుకు విలువ ఉంటుందా?

1966 జనవరిలో లాల్‌బహదూర్ శాస్త్రి మరణం తర్వాత కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ నాయకత్వానికి జరిగిన పోటీని చూడాలి. అది అధ్యక్ష పదవికి కాక ప్రధానమంత్రి పదవికి దారితీసే ఎన్నిక. ఓటు పార్లమెంటు సభ్యులకే ఉంది. అయినా కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ ముందుగా కూడగట్టింది ముఖ్యమంత్రుల మద్దతును. ఒక ముఖ్యమంత్రికి ఆ ఎన్నికలో ఓటు లేకపోయినా, తన రాష్ట్ర ఎంపీల మీద పట్టు ఉంది. మరుసటి ఏడాది సార్వత్రిక ఎన్నికల్లో టిక్కెట్లు కావలసిన ఎంపీలు ఆ మాటను పెడచెవిన పెట్టలేరు. ఇందిరాగాంధీకి 355, మొరార్జీ దేశాయికి 169 ఓట్లు వచ్చాయి.

1997, 2000 సంవత్సరాల ఎన్నికల సంగతి?

1997లో సీతారాం కేసరికి 6224, శరద్ పవార్‌కు 882, రాజేశ్ పైలట్‌కు 354 ఓట్లు. 2000లో సోనియాగాంధీకి 7448, జితేంద్ర ప్రసాదకు 94 ఓట్లు. పదవిలో ఉన్న అధ్యక్షులపై జరిగిన పోటీలివి. సంస్థ అంతా ఒకవైపు నిలిచిన చోట విడివిడి మద్దతు ప్రకటనలకు పెద్దగా పనిలేదు.

2022లో పదవుల్లో ఉన్నవారు మద్దతు ప్రకటించకూడదని నిబంధన పెట్టారా?

పెట్టారు. మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ పోటీపడిన ఆ ఎన్నికకు మధుసూదన్ మిస్త్రీ నాయకత్వంలోని కాంగ్రెస్ కేంద్ర ఎన్నికల అథారిటీ అక్టోబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. ఏఐసీసీ ప్రధాన కార్యదర్శులు, ఇన్‌చార్జిలు, కార్యదర్శులు, పీసీసీ అధ్యక్షులు, శాసనసభాపక్ష నాయకులు, అనుబంధ సంఘాల అధ్యక్షులు, అధికార ప్రతినిధులు ఏ అభ్యర్థి కోసమూ ప్రచారం చేయకూడదు. చేయదలిస్తే ముందు పదవికి రాజీనామా చేయాలి. మల్లికార్జున ఖర్గే తరఫున పనిచేయడానికి దీపేందర్ హుడా, గౌరవ్ వల్లభ్, సయ్యద్ నసీర్ హుస్సేన్ అధికార ప్రతినిధుల పదవులు వదులుకున్నారు. ఖర్గే కూడా రాజ్యసభ ప్రతిపక్ష నాయకుడి పదవికి రాజీనామా చేశారు.

1939లో బోస్ అడిగింది దాదాపు ఇదే: అభిప్రాయం చెప్పండి, కాని హోదాను పక్కన పెట్టి చెప్పండని. ఆ మాటకు నిబంధన రూపం రావడానికి 83 ఏళ్ళు పట్టింది. అమలులో అది పూర్తిగా నిలబడిందని మాత్రం చెప్పలేము. కొన్ని రాష్ట్రాల్లో ఖర్గే వచ్చినప్పుడు పీసీసీ అధ్యక్షులు ఎదురువెళ్ళి సమావేశాలు ఏర్పాటు చేశారనీ, తాను వెళ్ళినప్పుడు అదే ఆదరణ దొరకలేదనీ శశి థరూర్ బహిరంగంగానే చెప్పారు. నోటితో ప్రకటన చేయకపోయినా, ఎవరిని కలిశారు, ఎవరిని కలవలేదు అన్నదే మద్దతు ప్రకటనగా పనిచేస్తుంది.

గాంధీ కుటుంబం తటస్థంగా ఉన్నట్టా?

తటస్థంగా ఉంటామని సోనియాగాంధీ తనతో చెప్పారని థరూర్ స్వయంగా వెల్లడించారు. బహిరంగంగా ఆ కుటుంబం ఎవరినీ బలపరచలేదు. కాని సెప్టెంబరు 30న, నామినేషన్ల చివరి రోజున, ఖర్గే పత్రాలపై సంతకాలు చేసినవారిని చూస్తే పార్టీ ఎటు మొగ్గిందో అర్థమవుతుంది: ఏకే ఆంటోనీ, అశోక్ గెహ్లాట్, అంతకు ముందు రోజు దాకా తానే పోటీ చేయాలనుకున్న దిగ్విజయ్ సింగ్. అంతకంటే ఆసక్తికరమైనది, 2020లో సంస్థాగత మార్పులు కోరుతూ సోనియాగాంధీకి లేఖ రాసిన 23 మందిలో థరూర్‌తో పాటు ఉన్న ఆనంద్ శర్మ, మనీశ్ తివారీ, భూపిందర్ సింగ్ హుడా, పృథ్వీరాజ్ చవాన్ కూడా ఖర్గేనే ప్రతిపాదించడం.

థరూర్ వైపు కార్తీ చిదంబరం, ఎంకే రాఘవన్, ప్రద్యుత్ బోర్డోలోయ్ వంటి ఎంపీలు నిలిచారు. గాలి ఎటు వీస్తోందో తెలిసి కూడా పేరు పెట్టి సంతకం చేసిన ఆ కొద్దిమంది ధైర్యాన్ని నేను గౌరవిస్తాను.

ఇతర దేశాల్లో మద్దతుల లెక్క ఇంతకంటే ముఖ్యమా?

బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీలో అవును, ఎందుకంటే అక్కడ ఎంపీల ఓట్లతోనే తొలి వడపోత జరుగుతుంది. 2022 వేసవిలో ఎంపీల చివరి రౌండులో రిషి సునాక్ ముందున్నారు. సాధారణ సభ్యుల ఓటింగ్‌లో మాత్రం లిజ్ ట్రస్‌కు 81,326, సునాక్‌కు 60,399 ఓట్లు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో పోటీకి కనీసం 100 మంది ఎంపీల ప్రతిపాదన తప్పనిసరి చేయడంతో చివరకు సునాక్ ఒక్కరే మిగిలారు, సభ్యుల ఓటు అవసరమే రాలేదు. ఎంపీల మద్దతే ప్రవేశ ద్వారమైనప్పుడు పత్రికలు రోజూ వారి జాబితాలు ప్రచురించడంలో ఆశ్చర్యం లేదు.

మద్దతుదారుల జాబితాను ఎలా చదవాలి?

ముందుగా తేదీ చూడాలి. పోలింగ్‌కు ముందు చెప్పినదీ, ఫలితం తర్వాత చెప్పినదీ ఒకే వరుసలో రాయకూడదు. గాంధీజీ పేరును 1939 జాబితాలో చేర్చేవారు ఈ తేడా తప్పక సూచించాలి. ఆ తర్వాత మాటను చూడాలి. అభ్యర్థిని పొగడటం, ఆయనతో వేదిక పంచుకోవడం, ప్రత్యర్థిని విమర్శించడం మద్దతు ప్రకటనలు కావు. నెహ్రూ 1939 ప్రకటనను పట్టాభికి మద్దతుగా లెక్క వేయడం సరికాదు. నామినేషన్‌పై సంతకం చేసినవారు ఆ అభ్యర్థికే ఓటు వేశారని కూడా రుజువు లేదు, ఎందుకంటే ఓటు రహస్యం.

ఒక నాయకుడి మద్దతు ఎన్ని ఓట్లు తెచ్చిందో లెక్కించవచ్చా?

1939లో కొంతవరకు వీలుంది, ఎందుకంటే ఫలితాలు రాష్ట్రాల వారీగా వెల్లడయ్యాయి. పటేల్ మాట చెల్లే గుజరాత్, రాజేంద్రప్రసాద్ బీహార్, పట్టాభి సొంత ఆంధ్ర ఒకవైపు నిలిస్తే, బెంగాల్, పంజాబ్, కేరళ, కర్ణాటక బోస్ వైపు నిలిచాయి. ఏ పెద్ద మాట ఎక్కడి వరకు చెల్లిందో ఆ పట్టికలో కనిపిస్తుంది.

2022లో ఆ అవకాశం కావాలనే లేకుండా చేశారు. అన్ని రాష్ట్రాల బ్యాలెట్లనూ ఒకచోట కలిపివేసిన తర్వాతే లెక్కించారు. ఏ రాష్ట్రం ఎవరికి ఓటు వేసిందో తెలిస్తే అక్కడి ప్రతినిధులపై కక్ష సాధించే ప్రమాదం ఉంటుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. నచ్చిన అభ్యర్థి పేరుకు ఎదురుగా ‘1’ అంకె వేయాలని మొదట చెప్పారు. బ్యాలెట్‌లో మొదటి పేరు ఖర్గేది కనుక అది తికమకకు దారితీస్తుందని థరూర్ వర్గం అభ్యంతరం చెప్పడంతో టిక్కు గుర్తుగా మార్చారు. అక్టోబరు 19న వెలువడిన ఫలితంలో ఖర్గేకు 7897, థరూర్‌కు 1072 ఓట్లు వచ్చాయి, 416 చెల్లలేదు. థరూర్‌ను పేరు పెట్టి బలపరచిన నాయకులు వేళ్ళ మీద లెక్కించదగినవారు. మిగిలిన ఓట్లు ఏ ఊళ్ళ నుంచి వచ్చాయో ఆ కలిపిన పెట్టెల్లోనే ఉండిపోయింది.